నా కన్ను నాకు చూపించండి

పోయిన నెల మా తెలుగు సంఘం హాల్లో ఆవిడ సంతాప సభ జరిగింది. మైకు ముందుకు వచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడని శాంతమూర్తి అన్నారు. ఎప్పుడూ చిరునవ్వుతో ఉండేవారన్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అన్నారు. ఒకాయనైతే ఆవిడ ఓర్పు గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. బతికున్న రోజుల్లో ఆవిడ వరండాలో కనబడితే స్టాఫ్ రూము వెనక తలుపు గుండా జారుకునే మనిషే ఆయన. నేను వెనక వరసలో కూర్చుని పళ్ళు బిగబట్టుకున్నాను. ఏళ్ళ తరబడి ఆవిడ పక్క బల్ల నాది. ఆవిడకి కోపం వచ్చేది. రావలసిన చోటల్లా వచ్చేది. మనిషి పోయింది కదా అని ఆ కోపాన్ని కూడా తీసుకుపోయి ఎక్కడో పారేసి, దాని చోట ఒక చిరునవ్వు అంటిస్తామంటే నేను ఊరుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ మా బడి పీటీ మేడమ్. పుట్టింది శ్రీకాకుళం వైపు. పెళ్ళయ్యాక భిలాయి వచ్చింది. ఆవిడ భర్త రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని. నా తెలుగులో సగం హిందీ అని ఆవిడ వెక్కిరించేది. నేను అక్కా అనేదాన్ని. పిల్లలకి మేడమ్, బజారులో అందరికీ దీదీ.

చీర కట్టినా కాళ్ళకి తెల్ల కాన్వాస్ బూట్లే. పెళ్ళిళ్ళకీ అవే. ఎవరైనా మాట్లాడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని కాస్త ముందుకు వంగి, నోటికేసే చూస్తూ వినేది. కోపం వస్తే ఆవిడ గొంతు పెరిగేది కాదు, తగ్గేది. మైదానం ఆ చివర నుంచి అరిస్తే పిల్లలు పట్టించుకునేవారు కాదు గాని, దగ్గరకొచ్చి మెల్లగా "ఏటి" అంటే మాత్రం వణికిపోయేవారు. ఆవిడ తరచుగా అనే మాట ఒకటుంది: "మొహం నాకేసి పెట్టి మాట్లాడు." ప్రిన్సిపాల్‌తోనూ అదే మాట, బ్యాంకు కౌంటర్లో కంప్యూటర్ వంక చూస్తూ జవాబిచ్చే కుర్రాడితోనూ అదే మాట.

ఒకసారి ఆడపిల్లల ఖోఖో ఫైనల్ జరుగుతుండగా ముఖ్య అతిథిగారి కారు బయల్దేరాలని, ఆట మధ్యలో ఆపి బహుమతులు ఇచ్చేద్దామన్నారు నిర్వాహకులు. ముందున్న జట్టునే గెలిచినట్టు అనుకుందామన్నారు. ఆవిడ వేదిక దగ్గరకు వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "సార్‌కి పనుంటే వెళ్ళమనండి. ఈ పిల్లలకీ పనుంది. ఆట అవ్వలేదు" అంది. మెల్లగానే అంది. ముఖ్య అతిథి వెళ్ళిపోయాడు. ఆట పూర్తయింది. వెనకబడ్డ జట్టే చివరికి ఓడిపోయింది కూడా. అయినా ఆ పిల్లలు ఏడుస్తూ వచ్చి ఆవిడ నడుం పట్టుకున్నారు. ఆ తర్వాత ఏడాది ఆవిడని ఏ టోర్నమెంటుకీ పిలవలేదు. సభలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

రిటైరైన కొన్నాళ్ళకి ఆవిడ కుడి కంటికి ఇబ్బంది మొదలైంది. ఒకరోజు మా ఇంట్లో టీ తాగుతూ కిటికీ ఊచలకేసి చూసి, ఎడమ కన్ను మూసుకుని, "ఒసే, మీ కిటికీ ఊచ మధ్యలో వంగిపోయిందేటే" అని అడిగింది. వంగలేదన్నాను. "నాకు వంగినట్టుంది. నీ మొహం మధ్యలో ముక్కు దగ్గర మసగ్గా ఉంది" అంది. భయం లేదు ఆ గొంతులో. తనని ఎవరో మోసం చేస్తున్నట్టు చిరాకు మాత్రం ఉంది.

మా సెక్టార్‌లో మేం వెళ్ళే కంటి డాక్టరు పెద్దాయన, మంచివాడు. ఆయన చూసి, కంటి వెనక తెర నడిమధ్యలో చిన్న రంధ్రం పడిందన్నాడు. కన్నంతా నిండి పారదర్శకంగా ఒక జెల్లీ ఉంటుందట. వయసు మీద పడ్డాక అది వెనక తెర నుంచి తనంతట తాను ఊడి వచ్చేస్తుంది. కొందరికి ఊడదు, నడిమధ్యలో పట్టుకుని లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకే రంధ్రం పడుతుంది. "ఆపరేషన్ చెయ్యాలి. చేసేవాళ్ళు ముందు స్కాన్ తీసి, మీ జెల్లీ ఊడిందో ఇంకా అంటుకుని ఉందో చూస్తారు. దాన్ని బట్టి ఎలా వెళ్ళాలో అనుకుంటారు. అది మాత్రం చేయించుకోండి" అని హిందీలో ఓపిగ్గా చెప్పాడు.

ఇంటికొస్తూ ఆవిడ తనకు తానే చెప్పుకుంది: "ఉడికిన గుడ్డు వలిచినట్టన్నమాట. కొన్ని సుకంగా ఊడొస్తాయి. కొన్నిటికి పొర అంటుకుపోయి తెల్లసొన పెచ్చులెగిరిపోతాది." అంతకంటే బాగా నాకూ అర్థం కాలేదు.

హైవే మీద కొత్తగా కట్టిన కంటి ఆసుపత్రికి వెళ్ళాం. అద్దాల మేడ, చల్లటి హాలు, గోడకి పెద్ద టీవీ. ఆవిడ, భర్త, నేను. పెద్ద డాక్టరు ఆవిడ కంట్లోకి లైటు వేసి చూసి, ఆవిడని వదిలేసి భర్త వైపు తిరిగాడు.

"అంకుల్, ఆంటీకి ఆపరేషన్ చెయ్యాలి. ఈ వారంలోనే. ఆంటీకి మీరు నచ్చజెప్పండి" అన్నాడు హిందీలో.

ఆవిడ భర్త బహు నెమ్మదైన మనిషి. టోపీ చేతుల్లో తిప్పుకుంటూ, "నాకేటి తెల్దు బాబూ, కన్ను ఆవిడ్ది. ఆవిడ్నే అడగండి" అని తెలుగులో అనేసి, డాక్టరుకి అర్థం కాలేదని గుర్తొచ్చి నావంక చూశాడు. నేను చెప్పేలోపు ఆవిడే చెప్పింది.

"ఆంఖ్ మేరీ హై. బాత్ ముఝ్‌సే కీజియే." కన్ను నాది, మాట నాతో మాట్లాడండి అని.

డాక్టరు నవ్వాడు. చిన్నపిల్ల మారాం చేస్తే నవ్వే నవ్వు. ఆపరేషన్ రోజు ఖాయం చేశాడు.

ఆ రోజు పొద్దున్న మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. ఆవిడకి ఆకుపచ్చ గౌను తొడిగారు, తలకి టోపీ పెట్టారు, కంట్లో చుక్కలు వేసి వరసగా వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో జాముల్ నుంచి వచ్చిన ఒక ముసలామె ఉంది. పేరు ఫూల్‌బాయి. కొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. ఆమెదీ కుడి కన్నే, అదే ఆపరేషన్. నీకేం జబ్బో తెలుసా అని అక్క అడిగితే, ఆమె సిగ్గుపడుతూ కొడుకుని చూపించింది. వాడికి తెలుసంది. వాడిని అడిగితే, డాక్టరుకి తెలుసన్నాడు.

నర్సు వచ్చి ఆవిడని లోపలికి రమ్మంది.

"స్కాన్ ఇంకా అవ్వలేదు" అంది ఆవిడ.

"మిషన్ రిపేర్‌లో ఉంది ఆంటీ. అవసరం లేదన్నారు."

"అవసరమో కాదో డాక్టరుగారు నాతో చెప్పాలి. పిలవండి."

డాక్టరు రాలేదు. ఆయన కింద పనిచేసే కుర్ర డాక్టరు వచ్చాడు. చేతిలో ఫోను. "ఆంటీ, మీ వయసులో జెల్లీ ఎలాగూ ఊడిపోయే ఉంటుంది. దానికి స్కాన్ ఎందుకు? లోపలికెళ్ళాక సార్ చూసుకుంటారు" అన్నాడు ఫోను వంక చూస్తూ.

ఆవిడ లేచి నిలబడింది. చేతులు వెనక్కి వెళ్ళాయి. ఆ గొంతు దిగడం విన్నాను.

"మొహం నాకేసి పెట్టి మాట్లాడు బాబూ" అని ముందు తెలుగులో అంది. తర్వాత హిందీలో మొదలుపెట్టింది. "నా వయసు చూసి నా కంట్లో ఏముందో చెప్పీసేవా? నా వయసువాళ్ళకి అందరికీ ఒకేలా ఉంటుందా? చూడకుండానే ఊడిపోయి ఉంటుందని అనుకుని సూది పెడతారా? మీ మిషన్ బాగయ్యేదాకా నేను ఆగుతాను. నా కన్ను లోపల ఏముందో నాకు చూపించండి. చూపించి, ఇదిగో అంటుకుందమ్మా, ఇదిగో ఊడిందమ్మా అని చెప్పండి. అప్పుడు కోసుకోండి."

కుర్ర డాక్టరు, "డేట్ పోతుంది. తర్వాత కన్ను పోతే మా బాధ్యత కాదు" అన్నాడు.

"ఇప్పుడు పోతే నీ బాధ్యతేటి మరి" అంది ఆవిడ. అతను మళ్ళీ ఫోను వంక చూశాడు.

ఆ గౌనుతోనే హాలు మధ్య నుంచి నడిచింది. సిమెంటు రంగు నేల మీద తెల్ల బూట్లు. కుడి కంటిలో వేసిన చుక్కల వల్ల ఆవిడకి సరిగా కనబడటం లేదు, కుర్చీ తగిలి తూలింది. భర్త చెయ్యి పట్టుకోబోతే వద్దంది. అప్పుడే ఫూల్‌బాయి కుర్చీలోంచి సగం లేచింది. ఎవరితో అంటోందో తెలియనట్టు, గాలిలోకి అన్నట్టు, ఛత్తీస్‌గఢీలో అంది: "మోలా ఘలో దేఖా దేవ్." నాకు కూడా చూపించండి అని.

కొడుకు ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాడు. "బైఠ్ దాయీ. డాక్టర్ హ గుస్సా హో జాహీ." కూర్చో అమ్మా, డాక్టరుకి కోపం వస్తుంది.

ఆమె కూర్చుంది. డాక్టరు కోపం అంత విలువైనది మరి. ఈ దేశంలో బీదవాళ్ళు అన్నిటికంటే ముందు కాపాడుకోవాల్సింది డాక్టరు ప్రశాంతతే.

మూడు నాలుగు రోజుల్లో రాయ్‌పూర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. అక్కడ గడ్డం ఒక స్టాండు మీద ఆనించి, లోపల వెలిగే పచ్చ గుర్తుకేసి చూడమన్నారు. తర్వాత మూసిన రెప్ప మీద చల్లటి జెల్ రాసి, అల్ట్రాసౌండ్ పెట్టి, కన్ను అటూ ఇటూ తిప్పమన్నారు. డాక్టరమ్మ కంప్యూటర్ తెరని మా వైపు తిప్పింది. నలుపులో తెల్లటి చారలు, వానాకాలం నేల కోసి చూస్తే కనబడే పొరల్లా ఉన్నాయి.

"ఈ మందంగా ఉన్నది మీ తెర. ఇదిగో నడిమధ్య తెగి ఉంది, ఇదే రంధ్రం. దీని పైన దారంలా సన్నగా ఉంది చూడండి, అది జెల్లీ వెనక పొర. మీ వయసుకి ఇది విడిపోయి పైకి తేలుతూ ఉండాలి. మీకు ఊడలేదు. రంధ్రం అంచుని పట్టుకునే ఉంది" అంది.

"ఊడిపోయే ఉంటాదన్నారు ఆళ్ళు" అంది ఆవిడ, నాతో, తెలుగులో.

డాక్టరమ్మ నిజాయితీ గల మనిషి. హైవే ఆసుపత్రివాళ్ళకి తెలియకుండా పోయేదని చెప్పలేనంది. చాలామంది సర్జన్లు లోపలికి వెళ్ళాక కనిపెట్టగలరంది. "కానీ ముందే తెలిస్తే నేను సిద్ధపడి వెళ్తాను. గట్టిగా అంటుకున్నదాన్ని లాగేటప్పుడు పక్కన తెర చిరగవచ్చు. ఎక్కడ నెమ్మదిగా ఉండాలో ముందే చూసుకోవడం మంచిదే కదా" అంది. ఇంకేదైనా అడగాలా అంది. ఆవిడ చాలా అడిగింది. ఆమె అన్నిటికీ ఆవిడ మొహంలోకి చూస్తూనే చెప్పింది.

ఆపరేషన్ అయ్యాక కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. అది పైకి తేలి రంధ్రాన్ని నొక్కి పట్టాలంటే కొన్నాళ్ళు మొహం కిందికి పెట్టుకునే ఉండాలి. జీవితమంతా మనుషుల మొహాల్లోకి చూసిన మనిషి రోజంతా గచ్చుకేసి చూస్తూ ఉండటం నేను చూశాను. పీట మీద కూర్చుని, మంచం అంచుకి నుదురు ఆనించుకునేది. భర్త పక్కన గచ్చు మీద చతికిలబడి, కింద నుంచి స్ట్రాతో టీ తాగించేవాడు. అలా తాగించాలంటే ఆయన దాదాపు పడుకోవాలి. "ఏటండీ ఈ ఖర్మ" అని ఆవిడ విసుక్కుంటే, "నాను బాగానే ఉన్నాను. ఈ ఇంట్లో గచ్చింత సల్లగుంటాదని ఇన్నాల్లూ తెల్లేదు" అనేవాడు. ఆవిడ నవ్వకూడదని బిగబట్టుకునేది. సభలో అందరూ చెప్పిన చిరునవ్వు నేను చూసింది అప్పుడే, అదీ తలకిందులుగా.

నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడ గచ్చుని చూస్తూ అదే అడిగేది: "ఆ జాముల్ ఆవిడ ఏటయ్యిందో. ఇలా బోర్లా ఉండాలని ఆవిడకి చెప్పేరో లేదో."

ఆవిడ చూపు చాలావరకు తిరిగొచ్చింది. ఊచలు మధ్యలో కాస్త వంగి కనబడేవి గాని, అక్షరాలు చదవగలిగేది. డాక్టరమ్మ బయట తిరగవచ్చు అన్న రోజే ఆవిడ నాకు ఫోన్ చేసింది. "పద, జాముల్ వెళ్దాం."

ఫ్యాక్టరీ వెనక బస్తీలో అడుగుతూ తిరిగితే ఫూల్‌బాయి ఇల్లు దొరికింది. గుమ్మం ముందు కూర్చుని ఉంది. కుడి కన్ను తెరిచే ఉంది గాని, ఆ వైపు నుంచి మేం వస్తుంటే ఆమెకి తెలియలేదు. ఆపరేషన్‌లో తెర చిరిగిందట. తర్వాత ఆ తెర మొత్తం ఊడిపోయిందట. మళ్ళీ తీసుకెళ్తే, వయసు కదా అన్నారట. ఇప్పుడు ఎడమ కంటికీ గీతలు వంకరగా కనబడుతున్నాయని ఆమె చెబుతుంటే కొడుకు తల దించుకున్నాడు. మళ్ళీ అక్కడికే వెళ్ళాలా, మానుకోవాలా వాడికి తోచడం లేదు.

నేను అద్దాల మేడని తిట్టాను. హిందీలో, తెలుగులో, నాకొచ్చిన అన్ని మాటలతో తిట్టాను. ఆవిడ మాత్రం ఫూల్‌బాయి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే తయారుగా ఉండమంది.

దానికి ముందు ఆవిడ మరో పని చేసింది. ఆ సాయంత్రమే నన్ను తీసుకుని హైవే ఆసుపత్రికి వెళ్ళింది. పెద్ద డాక్టరు ఈసారి కలిశాడు. ఫూల్‌బాయి కన్ను ఆపరేషన్‌కి ముందు జెల్లీ అంటుకుని ఉందా, ఊడి ఉందా అని అడిగింది. ఆయన, అలాంటి కేసుల్లో ఇలా అవడం మామూలేనన్నాడు. ముందు తీసిన స్కాన్ బొమ్మ చూపించమంది. తియ్యలేదన్నాడు. అయితే మామూలుగానే అయ్యిందో, మీరు లాగినందుకు అయ్యిందో ఎలా తెలుస్తుందంది. "అది ఇప్పుడెవరూ చెప్పలేరు మేడమ్" అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. నిజంగానే ఇప్పుడెవరూ చెప్పలేరు. చూడకపోవడంలో ఉన్న సుఖం అదే: చూడనివాడి మీద ఎవరూ ఏదీ రుజువు చెయ్యలేరు. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది అక్కడ. ఆవిడ తర్వాత ఫిర్యాదులు కూడా చేసింది. ఎన్ని చేసినా, అన్నీ ఆ ఒక్క మాట దగ్గరకొచ్చి ఆగిపోయాయి.

మర్నాడు రాయ్‌పూర్‌లో ఫూల్‌బాయి ఎడమ కంటిని పరీక్ష చేశారు. డాక్టరమ్మ మునుపటిలాగే తెరని తిప్పింది. ఫూల్‌బాయి ముందు కొడుకుని చూసింది, చూడొచ్చా అన్నట్టు. తర్వాత ముందుకు వంగింది. మిగిలిన ఆ ఒక్క కంటితో ఆ కంటి బొమ్మనే చాలాసేపు చూసింది.

"ఏ హ మోర్ ఆంఖీ ఆయ్?" అని అడిగింది. ఇది నా కన్నేనా.

మీదేనంది డాక్టరమ్మ. జెల్లీ ఇంకా నడిమధ్యలో పట్టుకుని ఉందనీ, లాగుతోంది గాని రంధ్రం పడలేదనీ, ఇప్పుడే కోయనక్కర్లేదనీ, అప్పుడప్పుడు వస్తే చూస్తూ ఉంటాననీ చెప్పింది. కొన్ని నెలలకి ఆ పట్టు తనంతట తానే వదిలింది. ఫూల్‌బాయి ఈరోజుకీ ఆ కంటితోనే బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. కాని అది తర్వాత సంగతి.

ఆ రోజు గది బయటికొచ్చాక ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. వరండాలో బల్ల మీద కూర్చుంది. మొహం ఎర్రగా ఉంది.

"ఆ డాక్టరమ్మ టీవీ ఇటు తిప్పింది, చూసేవా" అంది నాతో.

"చూశాను అక్కా."

"ఎంతసేపు పట్టింది?"

"నిమిషం కూడా పట్టలేదు."

"ఆ కుడి కన్ను కూడా ఇలాగే చూసుంటే... ఏటి అడిగింది ఆవిడ? మోలా ఘలో అంది. అంతే గదా అడిగింది. మనం ఇన్నాం. నువ్వూ నేనూ ఇన్నాం. ఆళ్ళకి ఇనబడలేదు." ఆవిడ గొంతు ఎంత దిగిందంటే నేను వంగి వినాల్సి వచ్చింది.

ఫూల్‌బాయి కొడుకు చెయ్యి పట్టుకుని గదిలోంచి వచ్చింది. మా తెలుగు ఆమెకి అర్థం కాదు. ఆవిడ మొహం చూసి భయపడి, తను ఏదైనా తప్పు చేసిందేమో అనుకుని, దీదీకి కోపం ఎందుకని నన్నడిగింది.

"నీ మీద కాదమ్మా. నీ కుడి కన్ను గురించి" అన్నాను హిందీలో.

పోనీలే దీదీ, అంతా దేవుడి దయ అంటుందనుకున్నాను. వాళ్ళు అలా అనడానికే అలవాటు పడ్డారు, మనం వినడానికే అలవాటు పడ్డాం.

"గుస్సా త మోలా ఘలో ఆవత్ హే" అంది ఫూల్‌బాయి. కోపం నాకూ వస్తోంది.

అని, కొడుకు చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని, గోడ తడుముకుంటూ తనే నడిచొచ్చి, ఆవిడ పక్కన బల్ల మీద కూర్చుంది.